ఇంటికి మేనేజ్డ్ స్విచ్: ఎవరికి కావాలి, ఏది కొనాలి

మాది విజయనగరంలో కంటోన్మెంట్ దగ్గర ఇల్లు. కింద అమ్మా నాన్నా, పైన అద్దెకున్నవాళ్ళు, ఆ పైన డాబా మీది గదిలో నా ఆఫీసు పని. ముగ్గురికీ నెట్ కనెక్షన్ ఒక్కటే. ఒకరోజు సాయంత్రం అమ్మ సీరియల్ చూస్తుంటే ఉన్నట్టుండి టీవీలో తుపాకుల ఆట మొదలైంది. "ఏటిది, నా సీరియలేటైపోనాది?" అని అమ్మ కేక. పైఇంటి కుర్రాడు తమ టీవీ అనుకుని ఫోన్లోంచి మా టీవీకి వీడియో పంపేశాడు. వాడి తప్పేం లేదు. నెట్‌వర్క్ ఒక్కటే అయినప్పుడు వాడి ఫోనుకి మా టీవీ కనపడుతుంది, మా ప్రింటరూ కనపడుతుంది.

తర్వాత పైడితల్లి అమ్మవారి పండగొచ్చింది. సిరిమాను చూడ్డానికి చుట్టాలంతా దిగారు. మేనల్లుడొకడు మెట్ల గదిలో స్విచ్ (ఇంట్లోని నెట్ వైర్లన్నిటినీ కలిపే డబ్బా) దగ్గర వేలాడుతున్న వైరు చూసి, ఊడిపోయిందేమో అనుకుని ఖాళీ పోర్టులో గుచ్చేశాడు. ఆ వైరు రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంది. ఇంకేముంది, డేటా ప్యాకెట్లు అందులోనే గింగిరాలు తిరిగి ఇంటి మొత్తానికి నెట్ పోయింది. స్విచ్ మీది లైట్లన్నీ ఒక్క తాళంలో టకటకా కొట్టుకుంటున్నాయి. రౌటర్ మూడుసార్లు ఆపి మళ్ళీ వేసినా లాభం లేదు. గంటన్నర తర్వాత గానీ ఆ వైరు నా కంటపడలేదు.

ఈ రెండింటికీ మేనేజ్డ్ స్విచ్‌లో, అంటే ఏ పోర్టు ఎలా నడవాలో మనం సెట్ చేసుకోగలిగే స్విచ్‌లో, మందుంది. మొదటిదానికి వీల్యాన్ (నెట్‌వర్క్‌ని భాగాలుగా విడగొట్టడం), రెండోదానికి లూప్ ప్రివెన్షన్ (వైరు చుట్టు తిరిగి అదే స్విచ్‌లోకి వస్తే పసిగట్టి ఆపడం). అలాగని ప్రతి ఇంట్లోనూ ఉండాల్సిన వస్తువేం కాదు. ఏ మోడల్ అని వెతికే ముందు అసలు కావాలా అన్నది తేల్చుకోండి. ఆ జవాబు సగం మీ రౌటర్లోనే ఉంది.

(దుకాణం సంగతి ఒక మాట. నేను మొదట ఎలక్ట్రికల్ షాపులో అడిగితే మోడ్యులర్ స్విచ్‌ల కేటలాగ్ తెచ్చి ముందు పెట్టారు. కంప్యూటర్ షాపులోనో సీసీ కెమెరాలు బిగించేవాళ్ళ దగ్గరో అడగండి. "నెట్‌వర్క్ స్విచ్, వీల్యాన్ ఉన్నది" అంటే అర్థమవుతుంది.)

ముందు రౌటర్ వంక చూడండి

వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌ని లోపల గోడలు కట్టి రెండు మూడు స్విచ్‌లుగా వాడుకోవడం. దాని ప్రమాణం 802.1క్యూ. ప్రతి గదికీ 1 నుంచి 4094 లోపు ఒక నంబరు ఇస్తాం: మనకి 10, అద్దెవాళ్ళకి 20, కెమెరాలకి 30, అలా. స్విచ్ గోడలు కడుతుంది గానీ ఒక్కో గదికీ నెట్ ఇచ్చి, ఐపీ అడ్రసులు పంచి, ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్ళొచ్చో చెప్పాల్సింది రౌటర్. నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చే పెట్టెల్లో చాలావాటిలో ఈ ఏర్పాటు ఉండదు, ఉన్నా మన చేతికి తాళం ఇవ్వరు. అలాంటి పెట్టెకి ఎంత ఖరీదైన స్విచ్ తగిలించినా 20వ నంబరు గదిలో వాళ్ళకి నెట్ రాదు.

కాబట్టి పూర్తి వీల్యాన్ కావాలంటే స్విచ్‌తో పాటు రౌటర్ కూడా కొనాలి. టీపీ-లింక్ ఈఆర్605, మైక్రోటిక్ హెక్స్ ఇళ్ళకి సరిపోయే చిన్న రౌటర్లు, రెండింటిలోనూ అయిదేసి గిగాబిట్ పోర్టులు. పాత రౌటర్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే ఓపిక ఉంటే ఖర్చే లేదు. వైఫైని కూడా విడగొట్టాలంటే ఒక్కో వైఫై పేరుకీ ఒక్కో వీల్యాన్ నంబరు తగిలించగల యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే డబ్బా) ఉండాలి. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ మూడింటినీ కలిపి వేసుకోండి. స్విచ్ ఒక్కటే కొని ఇంటికొచ్చాక తల పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

రౌటర్ మార్చడం కుదరదంటే ఒక అడ్డదారి ఉంది. టీపీ-లింక్ చిన్న స్విచ్‌లలో ఎంటీయూ వీల్యాన్ అని ఒక మెనూ ఉంటుంది. ఎంటీయూ అంటే మల్టీ టెనెంట్ యూనిట్, అచ్చంగా అద్దె ఇళ్ళ కోసం పెట్టిన పేరే. ఒక పోర్టుని రౌటర్ వైపు అని చెప్తే, మిగతా పోర్టులన్నీ దానితో మాట్లాడతాయి తప్ప ఒకదానితో ఒకటి మాట్లాడవు. రౌటర్‌కి వీల్యాన్ తెలియక్కర్లేదు. అయితే రెండు మెలికలున్నాయి. రౌటర్ సొంత వైఫై ఆపేసి, మీకొకటి, అద్దెవాళ్ళకొకటి యాక్సెస్ పాయింట్ వేరువేరు పోర్టుల్లో పెట్టాలి. లేదంటే అందరూ రౌటర్ దగ్గర మళ్ళీ కలిసిపోతారు. మీ ఇంట్లో టీవీ ఒక పోర్టులో, ఫోటోలు దాచుకునే హార్డ్ డిస్క్ డబ్బా ఇంకో పోర్టులో ఉంటే అవి కూడా ఒకదానికొకటి కనపడవు.

ఇక అద్దెవాళ్ళు వైఫై మాత్రమే వాడతారు, వైరు అక్కర్లేదు అంటే రౌటర్లో గెస్ట్ వైఫై ఆన్ చేస్తే చాలు. డబ్బు మిగిలినట్టే, ఈ వ్యాసం ఇక్కడ ఆపేయొచ్చు.

కెమెరాలుంటే వాట్ల లెక్క

పీఓఈ అంటే నెట్ వైరులోంచే కరెంటు కూడా పంపడం. కెమెరా దగ్గర ప్లగ్గు, అడాప్టరు ఉండవు. ఒక్క స్విచ్‌ని ఇన్వర్టర్ మీద పెడితే కరెంటు పోయినా కెమెరాలన్నీ నడుస్తాయి. రోజుకి రెండు మూడుసార్లు కరెంటు పోయే వీధుల్లో ఇదొక్కటే పీఓఈ కొనడానికి సరిపడా కారణం.

ముందు మీ కెమెరాలు ఏ రకమో చూడండి. డీవీఆర్‌కి (పాతరకం కెమెరాల రికార్డింగ్ డబ్బా) గుండ్రటి కేబుల్‌తో కలిపేవి అయితే వాటికి ఈ స్విచ్‌తో పనే లేదు. ఎన్‌వీఆర్ (నెట్ వైరు కెమెరాల రికార్డింగ్ డబ్బా) వెనకే నాలుగో ఎనిమిదో పీఓఈ పోర్టులు ఉంటే, కెమెరాలు దానికే తగిలించుకోవచ్చు, స్విచ్ మామూలుది చాలు.

పీఓఈలో ఇళ్ళకి పనికొచ్చే ప్రమాణాలు రెండు. 802.3ఏఎఫ్ ఒక్కో పోర్టుకి 15.4 వాట్ల వరకూ ఇస్తుంది, 802.3ఏటీ 30 వరకూ. మామూలు ఇంటి కెమెరాలకి మొదటిది చాలు. కానీ పోర్టు లెక్క వేరు, స్విచ్ మొత్తం లెక్క వేరు. నాలుగు పోర్టుల్లో ఒక్కోటీ 30 ఇస్తుందని రాసి ఉన్నా, స్విచ్ మొత్తం బడ్జెట్ 62 వాట్లే ఉండొచ్చు.

మా ఇంటి లెక్క చూపిస్తాను. కెమెరాలు నాలుగు, ఒక్కోదాని చీటీ మీద గరిష్ఠం 7 వాట్లని ఉంది. రాత్రి చీకట్లో చూడ్డానికి ఐఆర్ లైట్లు వెలిగినప్పుడు అంతవరకూ వెళ్తుంది, కాబట్టి పగటి లెక్క వేసుకోకూడదు. నాలుగేళ్ళు ఇరవై ఎనిమిది. యాక్సెస్ పాయింట్‌కి 12. మొత్తం 40. పావు వంతు వెసులుబాటు కలిపితే 50. అంటే 62 వాట్ల స్విచ్ సరిపోవాలి. తీరా చూస్తే ఆ స్విచ్‌లో ఎనిమిది పోర్టులున్నా కరెంటు ఇచ్చేవి నాలుగే. నాకు కావాల్సినవి అయిదు! అట్టపెట్టె మీద "8 పోర్ట్ పీఓఈ" అని పెద్ద అక్షరాలు చూసి మోసపోకండి, పీఓఈ పోర్టులెన్నో విడిగా లెక్కపెట్టండి. చివరికి యాక్సెస్ పాయింట్‌ని దానితో వచ్చిన ఇంజెక్టర్ (నెట్ వైరులోకి కరెంటు ఎక్కించే అడాప్టరు) మీదే ఉంచేసి గట్టెక్కాను.

ప్యాసివ్ పీఓఈ అని రాసి ఉన్నవి వేరే జాతి. ఎదుటి పరికరానికి కావాలా అని అడక్కుండా కరెంటు తోసేస్తాయి. అదే కంపెనీ పరికరాలకి సరే, మీ కెమెరాలకి వద్దు.

స్విచ్ కన్నా ముందు కేబుల్‌ని అనుమానించండి. బజార్లో క్యాట్6 పేరుతో సీసీఏ వైరు బాగా దొరుకుతుంది: పైన రాగి పూత, లోపల అల్యూమినియం. పీఓఈ కరెంటు వెళ్తుంటే అది వేడెక్కుతుంది, దూరపు కెమెరాకి వోల్టేజీ చాలక రాత్రిపూట రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. కొనేముందు ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా వెండిలా కనపడితే ఆ చుట్ట వెనక్కి ఇచ్చేయండి.

పిడుగులూ, ఉప్పుగాలీ

మా మావయ్యది ఉద్దానంలో కొబ్బరితోట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు సగానికి పైగా చెట్లు పోయాయి, మిగిలిన తోటలో మోటారు షెడ్డు దగ్గర కెమెరా పెట్టుకున్నాడు. ఇంటి నుంచి షెడ్డుకి అరవై మీటర్లు, స్తంభాల మీదుగా మామూలు నెట్ వైరు లాగించాడు. గిగాబిట్ రాగి వైరుకి 100 మీటర్ల వరకూ హద్దు కాబట్టి దూరం పేచీ లేదు. వేసవిలో ఒక మధ్యాహ్నం దగ్గర్లో చెట్టు మీద పిడుగు పడింది. చెట్టు బాగానే ఉంది గానీ ఇటు స్విచ్, అటు కెమెరా రెండూ పోయాయి. "ఏటల్లుడూ, చెట్టుకి పడితే డబ్బాకి తగలడమేటి?" అని ఆయన అడిగితే, మైదానంలో వేలాడే రాగి తీగ పిడుగు వోల్టేజీని రెండిళ్ళలోకీ మోసుకొస్తుందని చెప్పాల్సి వచ్చింది.

ఇల్లూ షెడ్డూ, ఇల్లూ మిల్లూ, రోడ్డుకి ఇటొకటి అటొకటి ఇళ్ళు: రెండు కట్టడాల మధ్య వైరు వెళ్ళాలంటే ఫైబరే వేయించండి. గాజు పోగులో కరెంటు పారదు. ఇలాంటివాళ్ళు ఎస్ఎఫ్‌పీ పోర్టు (ఫైబర్ తగిలించే పోర్టు) ఉన్న స్విచ్‌నే చూడాలి. అవతలి కొసకి మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని మామూలు నెట్ వైరుకి కలిపే డబ్బా) పెట్టినా సరిపోతుంది. ఫైబర్‌తో పాటు స్టీలు తీగ ఉండే కేబుల్ అయితే ఆ తీగని గోడ బయటే కత్తిరించమనండి, ఇంట్లోకి రానివ్వకండి. ఫైబర్ అతికే మెషిన్ ఉన్న కుర్రాళ్ళు మన దగ్గర ఊరూరా ఉన్నారు, భయపడక్కర్లేదు.

కళింగపట్నం, బారువ లాంటి సముద్రపొడ్డు ఊళ్ళలో ఖాళీ పోర్టులకి రబ్బరు మూతలు పెట్టండి. ఉప్పుగాలికి లోపలి పిన్నులు పాడవుతాయి.

మిగతావి చకచకా

వేగం: గిగాబిట్ చాలు. స్విచ్ మార్చితే ఇంటర్నెట్ స్పీడు పెరగదు. పెద్ద వీడియో ఫైళ్ళు ఇంట్లోనే ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి తోసేవాళ్ళు మాత్రమే 2.5 గిగాబిట్ గురించి ఆలోచించాలి. పోర్టులు: ఇప్పుడు వాడేవి లెక్కపెట్టి రెండు కలపండి. ఫ్యాన్: ఉన్నది వద్దు. రాత్రి నిశ్శబ్దంలో ఆ రొద భరించలేరు, దుమ్ముకి ఫ్యాన్ ఎలాగూ ముందు పోతుంది. కరెంటు: 5 వాట్ల స్విచ్ నెలంతా నడిస్తే 3.6 యూనిట్లు, 30 వాట్లదైతే 21 యూనిట్ల పైనే.

ఎదురెదురుగా పెడితే

(కంట్రోలర్ అంటే ఒక కంపెనీ పరికరాలన్నిటినీ ఒక్కచోటి నుంచి నడిపేది. టీపీ-లింక్‌ది ఒమాడా, యుబిక్విటీ కంపెనీది యూనిఫై.)

| రకం | ఉదాహరణ | పీఓఈ | నడిపే తీరు | ముఖ్యమైన లోటు |
|---|---|---|---|---|
| చిన్న స్మార్ట్ స్విచ్ | టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈ, నెట్‌గేర్ జీఎస్308ఈ | లేదు | బ్రౌజర్లో పేజీ | భద్రత అంతంతమాత్రం |
| కంట్రోలర్‌తో నడిచే పీఓఈ | టీపీ-లింక్ ఎస్‌జీ2008పీ | 4 పోర్టులు, 62 వాట్లు | విడిగా గానీ ఒమాడాతో గానీ | ధర |
| అదే కోవ | యూనిఫై యూఎస్‌డబ్ల్యూ లైట్ 8 పీఓఈ | 4 పోర్టులు, 52 వాట్లు | కంట్రోలర్ తప్పదు | ఒకే కంపెనీకి కట్టుబడాలి |
| మైక్రోటిక్ | సీఎస్ఎస్610-8జీ-2ఎస్+ఐఎన్ | లేదు | బ్రౌజర్లో పేజీ | మెనూలు కొత్తవాళ్ళకి కష్టం |
| సెకండ్ హ్యాండ్ ఆఫీసు స్విచ్ | సిస్కో 2960 వరస | మోడల్‌ని బట్టి | కమాండ్లు | రొద, కరెంటు |

చిన్న స్మార్ట్ స్విచ్. పదిళ్ళలో ఏడిళ్ళకి ఇదే చాలని నా అంచనా. వీల్యాన్, లూప్ ప్రివెన్షన్ ఉంటాయి, వేడెక్కదు, చప్పుడుండదు. నాకు బాగా నచ్చింది కేబుల్ టెస్ట్. ఒకసారి డాబా మీది గదికి నెట్ ఆగి ఆగి వస్తుంటే, ఆ పోర్టు మీద టెస్ట్ నొక్కాను. 11 మీటర్ల దగ్గర తెగిందని చూపించింది. టేపు పట్టుకుని కొలుచుకుంటూ వెళ్తే సరిగ్గా అటక మూల, ఎలుక కొరికిన చోటే తేలింది. ఆ ఒక్క రోజుతోనే నా దృష్టిలో దాని ఖరీదు తీరిపోయింది. లోటు ఏమిటంటే, ఈ తరగతిలో చాలావాటిని తెరిచే పేజీ తాళం లేని హెచ్‌టీటీపీలోనే నడుస్తుంది, ఆ పేజీని ఏ వీల్యాన్‌లోంచి తెరవొచ్చో కట్టడి చేసే వీలు సరిగ్గా ఉండదు. పైఇంటి కుర్రాడు కంప్యూటర్ సైన్సు చదువుతుంటే పాస్‌వర్డ్ గట్టిది పెట్టండి.

ఒమాడా, యూనిఫై. ధర మొదటిదానికి రెండు మూడు రెట్లు. ఎవరికి పెట్టమంటానంటే, పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో, అమ్మానాన్నలు ఆమదాలవలసలోనో బొబ్బిలిలోనో ఉన్న ఇళ్ళకి. గేటు దగ్గరి కెమెరా బిగుసుకుపోతుంది. అప్పుడు ఫోన్లో, "నాన్నా, స్టూలెక్కి వైరు పీకి మళ్ళీ పెట్టు" అనాలి. డెబ్బయ్యేళ్ళాయన్ని స్టూలెక్కమనడం కన్నా పెద్ద టెన్షన్ లేదు. కంట్రోలర్ ఉన్న పీఓఈ స్విచ్ అయితే బెంగళూరులో కూర్చుని ఆ ఒక్క పోర్టుకి కరెంటు ఆపి మళ్ళీ వేస్తే కెమెరా తిరిగి లేస్తుంది. ఇదే పని నేను నెలకోసారైనా చేస్తాను.

రెండింటిలో ఎటు అంటే నేను ఒమాడా వైపే. ఆ స్విచ్ కంట్రోలర్ లేకుండా కూడా బ్రౌజర్లోంచి నడుస్తుంది, తర్వాత కావాలంటే కంట్రోలర్ చేర్చుకోవచ్చు. అది ఓసీ200 లాంటి చిన్న డబ్బా కావచ్చు, ఎప్పుడూ వెలిగే పాత కంప్యూటర్లో ఉచిత సాఫ్ట్‌వేర్ కావచ్చు. యూనిఫైలో స్క్రీన్లు చూడముచ్చటగా ఉంటాయి, కానీ ఏదైనా మార్చాలంటే కంట్రోలర్ ఉండాల్సిందే. సెట్ చేసిన తర్వాత కంట్రోలర్ ఆగిపోయినా స్విచ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో ఇప్పటికే యూనిఫై యాక్సెస్ పాయింట్లు ఉన్నవాళ్ళు అటే వెళ్ళడం మంచిది. కరెంటు ఇచ్చే పోర్టులు నాలుగు చాలకపోతే టీపీ-లింక్‌లోనే ఎస్‌జీ2210పీ చూడండి: ఎనిమిదీ పీఓఈ, పైన రెండు ఎస్ఎఫ్‌పీలు, బడ్జెట్ మాత్రం 61 వాట్లే.

మైక్రోటిక్. ఎనిమిది గిగాబిట్ పోర్టులతో పాటు 10 గిగాబిట్ ఫైబర్ పోర్టులు రెండు. మా మావయ్య లాంటివాళ్ళకి, ఇంట్లోనే సర్వర్ నడుపుకునేవాళ్ళకి. ఫైబర్ ఒక్కటి చాలంటే ఆర్‌బీ260జీఎస్‌లో అయిదు గిగాబిట్, ఒక ఎస్ఎఫ్‌పీ ఉన్నాయి. మెనూలు మాత్రం ముక్కుసూటిగా ఉండవు. తప్పు పోర్టులో తప్పు వీల్యాన్ పెట్టి స్విచ్ బయట నిలబడిపోయిన అనుభవం నాకుంది. రీసెట్ బటన్ ఎక్కడుందో ముందే చూసి ఉంచుకోండి.

సెకండ్ హ్యాండ్ ఆఫీసు స్విచ్. సిస్కో వాళ్ళ నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్ఏకి చదివే ఇంజనీరింగ్ పిల్లలకి ఇది బంగారం. కమాండ్లు చేతికి రావాలంటే అసలు యంత్రం మీద కొట్టాలి. కానీ 2960 అని రాసినవన్నీ ఒకటి కావు. 2960-24టీటీ-ఎల్‌లో 24 పోర్టులూ 100 ఎంబీపీఎస్‌వి, గిగాబిట్‌వి రెండే. చౌకగా వచ్చిందని ఇంటి మొత్తాన్ని దాని మీద నడిపితే, 300 ఎంబీపీఎస్ కనెక్షన్ తీసుకుని 100కి కుదించుకున్నట్టు అవుతుంది. చదువుకునేటప్పుడు వేసి, తర్వాత ఆపేయండి.

తెచ్చిన రోజు

పాత పాస్‌వర్డ్ మార్చండి. లూప్ ప్రివెన్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, కొన్నింట్లో మనమే ఆన్ చేయాలి. మీ ఫోనూ, టీవీ, ప్రింటరూ ఒకే వీల్యాన్‌లో ఉంచండి. విడగొట్టారో, రేపు ఫోన్లోంచి టీవీకి మీరు కూడా వీడియో పంపలేరు. ఎన్‌వీఆర్‌ని, కెమెరాలని ఒక వీల్యాన్‌లో పెట్టి, వాటికి బయటి నెట్ ఎంతవరకు అవసరమో రౌటర్లో అంతే తెరవండి. టీపీ-లింక్ చిన్నవాటిలో మార్పులన్నీ అయ్యాక సేవ్ కాన్ఫిగ్ నొక్కడం మర్చిపోతే, మొదటిసారి కరెంటు పోయి వచ్చేసరికి పడ్డ కష్టమంతా చెరిగిపోయి ఉంటుంది. నాకు రెండుసార్లు పోయింది.

మా స్విచ్ పక్కన గోడకి ఒక కాగితం అంటించాను. ఏ పోర్టు ఎవరిదో తెలుగులోనే రాసి ఉంటుంది. అయిదో నంబరు ఎదురుగా మాత్రం అమ్మ తన చేత్తో రాసింది: "టీవీ. ముట్టుకోవద్దు."